డాబా మీద 46.8, వార్తల్లో 42.1: ఇంటి వెదర్ స్టేషన్ చెప్పే వేడిని ఎంతవరకు నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాబా పిట్టగోడకు బిగించిన మీ స్టేషన్ మధ్యాహ్నం 46.8 డిగ్రీలు చూపించింది. అదే రోజు అధికారిక గరిష్ఠ ఉష్ణోగ్రత 42.1. ఫోన్‌లో యాప్ చూస్తే 41. వీటిలో ఏది నమ్మాలి, స్టేషన్ మార్చేయాలా, ఎండాకాలమంతా ఇలా కొలిచి రాసుకుంటే ఎవరికైనా పనికొస్తుందా? చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ సెన్సార్ పాడైందనుకోవడానికి ఇందులో ఏమీ లేదు. వాతావరణ శాఖ వాళ్లు తగ్గించి చెప్తున్నారనుకోవడానికీ ఏమీ లేదు. మూడు అంకెలూ మూడు వేర్వేరు సంగతులు చెప్తున్నాయి, అంతే. అధికారిక అంకె అంటే ఖాళీ స్థలంలో, పచ్చిక లేదా మట్టి నేల మీద, ఇంచుమించు మనిషి ఎత్తులో, నీడలో ఉంచిన థర్మామీటర్ చెప్పిన గాలి వేడి. యాప్‌లో కనిపించేది చాలాసార్లు కొలతే కాదు. కంప్యూటర్ మోడల్ కొన్ని కిలోమీటర్ల చదరానికంతటికీ కలిపి వేసిన అంచనా. ఇక మీ 46.8లో మీ ఇంటి చుట్టూ నిజంగా ఉన్న అదనపు వేడి కొంత ఉంది, ఎండకు కాగిన ప్లాస్టిక్ డబ్బా తెచ్చిపెట్టిన వేడి కొంత ఉంది. ఈ రెంటినీ విడదీయడం నేర్చుకుంటే మీ స్టేషన్ మీకు బోలెడు విషయాలు చెప్తుంది. విడదీయకపోతే మాత్రం రోజుకో పెద్ద అంకె దొరుకుతుంది గానీ దాన్ని దేనికీ వాడలేం.

థర్మామీటర్‌కు తన ఒంటి వేడి తప్ప వేరే వేడి తెలియదు. గాలి దాని మీదుగా ధారాళంగా ఆడుతుంటే తన వేడీ గాలి వేడీ ఒకటవుతాయి. ఎండ తగిలితేనో, పక్కనున్న వేడి గోడ నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాలు తగిలితేనో అది గాలిని మించి వేడెక్కుతుంది, ఆ వేడినే మనకు చెప్తుంది. ఈ చిక్కు తీర్చడానికే స్కాట్లాండ్‌లో లైట్‌హౌసులు కట్టే ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ 1860లలో తెల్లటి చెక్కపెట్టె ఒకటి తయారుచేశారు. నాలుగు వైపులా వాలు పలకలుండి ఎండను ఆపుతాయి, గాలిని ఆపవు. వాతావరణ కేంద్రాల్లో నేటికీ కనిపించే స్టీవెన్‌సన్ స్క్రీన్ అదే. మన ఇంటి స్టేషన్లలో సాసర్లు బోర్లించి పేర్చినట్టుండే తెల్ల ప్లేట్ల గూడు దానికి చిన్న రూపం. దాన్ని రేడియేషన్ షీల్డ్ అంటారు.

ఈ చిన్న షీల్డులు గాలి వీస్తున్నంతసేపూ బాగానే పనిచేస్తాయి. గాలి స్తంభించి ఎండ మండిపోతుంటే చతికిలబడతాయి. సెకనుకు ఒక మీటరు కూడా గాలి లేని మధ్యాహ్నం, సాధారణ షీల్డు లోపలి గాలి బయటి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. షీల్డు నాసిరకమైతే ఇంకా ఎక్కువ. తీవ్రమైన ఎండ రోజుల్లో చాలాసార్లు గాలి కదలనే కదలదు కాబట్టి, సరిగ్గా మనకు కొలత బాగా కావాల్సిన రోజునే పరికరం ఎక్కువ తప్పు చెప్తుంది. చిన్న ఫ్యాన్ పెట్టి గాలిని లోపలికి లాగే షీల్డులు ఇందుకే వచ్చాయి. అందుకే స్టేషన్ మార్చాలా అన్నదానికి నా జవాబు: మార్చొద్దు. డబ్బు పెట్టేట్టయితే షీల్డు మీద పెట్టండి. ఇప్పుడొచ్చే సెన్సార్లలో చాలావరకు అర డిగ్రీ తేడాలోపే కొలవగలవు. వాటి చేత ఐదు డిగ్రీలు తప్పు చెప్పించేది మనం పెట్టిన చోటే.

ఇక మీ పిట్టగోడ సంగతి. 42 డిగ్రీల రోజున సిమెంటు డాబా పైభాగం 55, 60 డిగ్రీలకు చేరడం విడ్డూరం కాదు. షీల్డు పైనుంచి వచ్చే ఎండను ఆపుతుంది గానీ కింద నుంచి ఎగదన్నే వేడిని అంత బాగా ఆపలేదు. పిట్టగోడ ఇంకో రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. తానూ కాగి ఆ వేడిని పక్కకు చిమ్ముతుంది, పైగా గాలికి అడ్డం నిలబడుతుంది. డాబాకు తెల్ల కూలింగ్ పెయింట్ వేయించాం కాబట్టి ఇబ్బంది లేదని కొందరంటారు. గచ్చు చల్లబడే మాట నిజమే, కానీ ఆ తెలుపు ఎండను పైకి తిప్పికొడుతుంది. ఆ వెలుగు షీల్డు అడుగు నుంచి లోపలికి దూరుతుంది. అలాంటి చోట అడుగు ప్లేటు పూర్తిగా మూసి ఉన్న షీల్డు వాడాలి.

ఇంటి ముందో వెనకో కాస్త మట్టి నేల ఉంటే రెండో ఆలోచన లేకుండా స్టేషన్‌ను కిందికి దించండి. ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పే ఎత్తు నేల నుంచి 1.25 మీటర్లు మొదలు 2 మీటర్ల దాకా. గోడలకు, రోడ్డుకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకు వీలైనంత దూరం. ఆ సంస్థే స్టేషన్ పెట్టిన చోటును ఐదు తరగతులుగా విడగొట్టింది. మొదటి తరగతి రావాలంటే వేడిని చిమ్మే కట్టడాలు, గచ్చులు 100 మీటర్ల దూరంలో ఉండాలి. మూడో తరగతిలో చోటు వల్ల వచ్చే తేడా ఒక డిగ్రీ దాకా, నాలుగులో రెండు డిగ్రీల దాకా, ఐదులో ఐదు డిగ్రీల దాకా ఉండొచ్చని అందులోనే రాసి ఉంది. ఊళ్ల మధ్య ఇళ్లలో మొదటి తరగతి దొరకదు, దాని కోసం బెంగపడక్కర్లేదు. మనది నాలుగో ఐదో అని తెలిసి ఉండటం, ఆ మాట డేటాతో పాటే చెప్పడం ముఖ్యం.

డాబా తప్ప గతి లేకపోతే, పిట్టగోడను వదిలేసి డాబా మధ్యలో కనీసం రెండు మీటర్ల పైపు నిలబెట్టి దాని మీద పెట్టండి. నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు, ఏసీ యూనిట్లు దగ్గర్లో ఉండకూడదు. పైపు గాలికి ఊగకుండా మూడు వైపులా తీగ కట్టండి. బాల్కనీలోనే పెట్టాల్సి వస్తే ఉత్తరం గోడ మంచిదని అందరూ చెప్తారు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లకు అది చలికాలంలో సరిపోతుంది. వేసవిలో మాత్రం సూర్యుడు ఈశాన్యం వైపు పొడిచి వాయవ్యం వైపు కుంగుతాడు కాబట్టి ఉత్తరం గోడకూ ఉదయం, సాయంత్రం ఎండ తగులుతుంది. కర్కాటక రేఖకు దక్షిణాన ఉండేవాళ్లకైతే జూన్ అటూఇటూ కొన్ని వారాలు నడినెత్తి సూర్యుడు కూడా ఉత్తరానికే ఒరుగుతాడు. కాబట్టి ఎవరి మాటో పట్టుకుని బిగించేయకుండా, ఒకరోజు గంటగంటకూ వెళ్లి ఎండ ఎక్కడ పడుతోందో కళ్లారా చూసి ఆపైన బిగించండి.

షీల్డు సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంకో పరికరం కొననక్కర్లేదు, మీ గ్రాఫే చెప్తుంది. నేను ఎవరి స్టేషన్ చూసినా మొదట అడిగేది నిర్మలమైన ఎండ రోజు గ్రాఫ్. మంచి చోట పెట్టిన స్టేషన్‌లో గీత పొద్దున నిటారుగా లేచి, పదకొండు దాటాక నెమ్మదించి, రెండు నుంచి నాలుగు మధ్య ఎక్కడో శిఖరానికి చేరి, మెల్లగా దిగుతుంది. మీ గ్రాఫ్‌లో రోజూ ఒకే సమయానికి, ఉదాహరణకు ఎనిమిదిన్నరకో సాయంత్రం ఐదుకో, ముల్లులా ఒక మొన పొడుచుకొచ్చి కనిపిస్తే ఆ వేళకు ఎండ ఏదో సందులోంచి నేరుగా షీల్డు మీద పడుతోందన్నమాట. రెండో గుర్తు మబ్బు. ఒక చిన్న మబ్బు తునక సూర్యుణ్ణి కప్పితే గాలి వేడి కొన్ని నిమిషాల్లో అర డిగ్రీ, మహా అయితే ఒక డిగ్రీ తగ్గాలి. గీత రెండు మూడు డిగ్రీలు పడిపోయి, మబ్బు పోగానే మళ్లీ అంతెత్తుకు ఎగిరిందంటే కొలుస్తున్నది గాలిని కాదు, కాగిన ప్లాస్టిక్‌ని. మూడో గుర్తు గాలి. గాలి వేగం గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. గాలి ఆగిన ప్రతిసారీ ఉష్ణోగ్రత ఎగబాకి, వీచగానే దిగుతుంటే షీల్డు ఊపిరాడక ఇబ్బంది పడుతోంది. అధికారిక ఆటోమేటిక్ కేంద్రాల్లో చాలాచోట్ల ఒక నిమిషం సగటు తీసి గరిష్ఠం చెప్తారు. మన కన్సోళ్లు, అంటే ఇంట్లో అంకెలు చూపించే డిస్‌ప్లే పెట్టెలు, కొన్ని సెకన్లకోసారి వచ్చే విడి రీడింగుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకుంటాయి. ఈ ఒక్క కారణం వల్లే డిగ్రీలో కొన్ని పదో వంతుల తేడా వచ్చేస్తుంది.

లోపం సెన్సార్‌దో, షీల్డుదీ చోటుదో తేల్చడానికి నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇంకోటుంది: డ్యూ పాయింట్ చూడటం. గాలి చల్లబడుతూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. గాలిలో ఎంత నీటి ఆవిరి ఉందో దాన్ని బట్టే డ్యూ పాయింట్ ఉంటుంది. షీల్డు కాగినంత మాత్రాన ఆవిరి పెరగదు, తగ్గదు. నిజమైన గాలి 40 డిగ్రీలు, తేమ 30 శాతం ఉందనుకోండి, డ్యూ పాయింట్ 19 డిగ్రీలు. అదే గాలి షీల్డులో 43కి కాగితే తేమ 26 శాతం దగ్గరికి పడిపోతుంది, డ్యూ పాయింట్ మాత్రం 19 దగ్గరే ఉంటుంది. అంటే మీ స్టేషన్ డ్యూ పాయింట్ దగ్గర్లోని అధికారిక కేంద్రంతో సరిపోతూ, ఉష్ణోగ్రత ఒక్కటే ఎక్కువ ఉంటే, సెన్సార్లు రెండూ సవ్యంగానే ఉన్నాయి, లోపం షీల్డులో, చోటులోనే ఉంది. రెండూ తేడాగా ఉంటే అప్పుడు తేమ సెన్సార్‌ను అనుమానించాలి. ఉష్ణోగ్రత సెన్సార్ కంటే అది ఎక్కువగా, త్వరగా దారి తప్పుతుంది.

తేమ సెన్సార్‌ను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. చిన్న మూతలో ఉప్పు వేసి, ఉప్పు పూర్తిగా కరగకుండా ముద్దగా ఉండేంత నీళ్లు కలిపి, దాన్నీ సెన్సార్‌నూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూసేయండి. ఉప్పు సెన్సార్‌కు తగలకూడదు. డబ్బాను వేడి మారని గదిలో ఒక రాత్రంతా కదిలించకుండా ఉంచితే లోపల తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఎంత తేడా చూపిస్తే అంత తప్పు. ఉష్ణోగ్రతకైతే, నీళ్లలో ముంచగలిగే ప్రోబ్ ఉన్నవాళ్లు శుభ్రమైన నీటితో చేసిన ఐసును బాగా నలిపి, నీళ్లు కొద్దిగానే పోసి, ఆ ముద్దలో ప్రోబ్ పెట్టి తిప్పుతుంటే సున్నా రావాలి. మామూలు సెన్సార్లను ముంచొద్దు, పాడవుతాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కన్సోల్‌లో క్యాలిబ్రేషన్ ఆఫ్‌సెట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అక్కడ మనం పెట్టిన అంకెను అది ప్రతి రీడింగుకూ కలుపుతుంది. మధ్యాహ్నం నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది కదా అని అక్కడ మైనస్ 4 కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నాలుగు డిగ్రీలు ఎండ వల్ల వచ్చినవి. రాత్రి ఎండ ఉండదు, ఆఫ్‌సెట్ మాత్రం ఉంటుంది. తెల్లవారుజామున సరిగ్గా 29 చెప్పాల్సిన స్టేషన్ 25 చెప్తుంది. మధ్యాహ్నపు తప్పు దిద్దబోయి రోజంతా పాడుచేసుకున్నట్టే. సెన్సార్ అసలు తప్పు ఎంతో తెలియాలంటే మబ్బు పట్టి, గాలి వీస్తున్న రాత్రి, నమ్మకమైన ఇంకో థర్మామీటర్‌ను పక్కనే పెట్టి గంటా రెండు గంటలు పోల్చండి. ఎండా ఉండదు, గోడల వేడిని గాలి చెదరగొడుతుంది. ఆ సమయంలో కనిపించిన తేడానే ఆఫ్‌సెట్‌గా పెట్టాలి. చాలామందికి అది అర డిగ్రీ కూడా ఉండదు.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, ఇదంతా ఎవరికైనా పనికొస్తుందా అన్నది. పనికొస్తుంది, అందులోనూ రాత్రుళ్లు. అందరి కళ్లూ మధ్యాహ్నం గరిష్ఠం మీదే ఉంటాయి. ఇంటి స్టేషన్ బలం మాత్రం రాత్రి కనిష్ఠంలో ఉంది. ఎండ లేదు కాబట్టి షీల్డు తప్పు దాదాపు పోతుంది. గాలి లేని నిర్మలమైన రాత్రి షీల్డు ఆకాశానికి వేడిని వదిలి ఒక పిసరు తక్కువ చూపొచ్చు, అంతే. ఊరి బయట మైదానంలోనో విమానాశ్రయంలోనో ఉన్న అధికారిక కేంద్రానికి, ఇళ్లు ఒకదానికొకటి అంటుకున్న మీ వీధికి మధ్య నిజమైన తేడా బయటపడేది కూడా రాత్రే. పగలంతా తాగిన వేడిని సిమెంటు, తారు రాత్రంతా వదులుతూ ఉంటాయి.

ఈ సంగతిని మొదట కొలిచి చూపింది కూడా మనలాంటి ఒక ఔత్సాహికుడే. ల్యూక్ హోవర్డ్ వృత్తిరీత్యా మందుల తయారీదారు. మబ్బులకు మనం ఇవాళ వాడే లాటిన్ పేర్ల పద్ధతిని 1802లో ప్రతిపాదించిందీ ఆయనే. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఏళ్ల తరబడి లండన్ చుట్టుపక్కల ఉష్ణోగ్రతలు రాసుకుని, నగరం నడిబొడ్డు రాత్రుళ్లు పల్లెప్రాంతం కంటే 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు 2 సెల్సియస్ డిగ్రీలు వేడిగా ఉంటోందని తేల్చారు. పగలు ఆ తేడా లేకపోగా నగరమే రవ్వంత చల్లగా తేలింది. ఇవాళ అర్బన్ హీట్ ఐలాండ్ అని పిలిచే విషయానికి పునాది అదే. ఆయన చేసిందల్లా ఏళ్ల తరబడి విడవకుండా రాసుకుంటూ పోవడం.

రాత్రి వేడి ప్రాణాల మీదికి తెచ్చే విషయం. పగలు దెబ్బతిన్న ఒళ్లు రాత్రి చల్లబడితేనే కోలుకుంటుంది. 2003 వేసవిలో యూరప్‌లో 70,000 మందికి పైగా అదనంగా చనిపోయారని తర్వాత లెక్కలు తేల్చాయి. అప్పటి వడగాడ్పుల్లో రాత్రుళ్లు కూడా చల్లబడకపోవడం వృద్ధులను బాగా కుంగదీసింది. 2018 జూన్‌లో ఒమన్ తీరంలోని కురయ్యాత్‌లో ఒక రోజంతా, అర్ధరాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 కంటే కిందికి దిగలేదు. కాబట్టి మీ పట్టికలో గరిష్ఠం పక్కనే కనిష్ఠం, రాత్రి తొమ్మిదికి ఎంత, అర్ధరాత్రికి ఎంత, తెల్లవారుజామున నాలుగుకు ఎంత అన్నవి కూడా రాయండి. నేనైతే ఇంకోటి కూడా లెక్కేస్తాను: రోజులో ఎన్ని గంటలు 35కి పైన ఉంది, రాత్రి ఎన్ని గంటలు 30కి పైన ఉంది. ఒక్క క్షణపు శిఖరం కంటే ఈ గంటల లెక్క ఎండాకాలం తీరును బాగా చెప్తుంది, పైగా షీల్డు తప్పుకు అంత తేలిగ్గా లొంగదు.

కన్సోల్‌లో కనిపించే ఫీల్స్ లైక్ గురించి కూడా తెలుసుకోండి. వేడి, తేమ కలిసి ఒంటికి ఎంత వేడిగా అనిపిస్తుందో చెప్పే అంకె అది. అందులో ఎక్కువగా వాడేది హీట్ ఇండెక్స్ అనే లెక్క. స్టెడ్‌మన్ అనే శాస్త్రవేత్త 1979లో చేసిన పని దీనికి మూలం. 40 డిగ్రీలు, 30 శాతం తేమకు అది 43 దగ్గర వస్తుంది. 36 డిగ్రీలు, 60 శాతం తేమకు 48 వస్తుంది. థర్మామీటర్‌లో నాలుగు డిగ్రీలు తక్కువున్న రోజే ఒంటికి ఎక్కువ ప్రమాదం. ఉక్కపోతలో చెమట ఆరదు కదా, ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. ఈ లెక్క నీడలో ఉన్న మనిషికి వేసింది. నిట్టెండలో ఇంకో 8 డిగ్రీల దాకా కలుపుకోవాలి. అందుకే షీల్డు సరిచేయకుండా ఫీల్స్ లైక్ చూడకండి. ఇందాకటి ఉదాహరణలో 40ని 43గా చూపించే స్టేషన్, హీట్ ఇండెక్స్‌ను 47 దగ్గరికి తీసుకెళ్తుంది. మూడు డిగ్రీల తప్పు దాదాపు నాలుగవుతుంది. ఎండలో కూలిపని చేసేవాళ్లకో, పిల్లల ఆటలకో వేళలు నిర్ణయించే బాధ్యత మీ మీద ఉంటే డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే కొలత ఇంకా మంచిది. తడిబట్ట చుట్టిన థర్మామీటర్‌కు 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళం లోపలి థర్మామీటర్‌కు 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువిచ్చి కలుపుతారు. ఎండ, గాలి, తేమ మూడూ అందులోకి వస్తాయి.

46.8ని రికార్డు అని ప్రకటించే ముందు అల్ అజీజియా కథ తెలుసుకోవాలి. లిబియాలోని ఆ చోట 1922 సెప్టెంబర్ 13న 58 డిగ్రీలు నమోదైంది. 90 ఏళ్లు అదే ప్రపంచ రికార్డుగా చలామణీ అయింది. చివరికి ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు పాత రిజిస్టర్లు తీసి చూస్తే, ఆ రోజుల్లో రాసింది అనుభవం లేని కొత్త పరిశీలకుడని, థర్మామీటర్ పాత రకమని, లోపలి సూచిక రెండు చివరల్లో చూడకూడని చివర చూసి రాసి ఉండొచ్చని, దానివల్లే దాదాపు ఏడు డిగ్రీలు పెరిగిందని తేలింది. పరికరం కింద నేల కూడా చుట్టూ ఉన్న ఎడారి నేలలాంటిది కాదు, తారులాంటిది. చుట్టుపక్కల కేంద్రాల లెక్కలతోనూ అది పొసగలేదు. 2012లో ఆ రికార్డు కొట్టేశారు. ఇప్పుడు అధికారికంగా ఉన్నది అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జులై 10న నమోదైన 56.7. దాని మీదా కొందరు నిపుణులకు అనుమానాలున్నాయి. పరిశీలకుడు, పరికరం, కింద నేల, ఇరుగుపొరుగు కేంద్రాలు: నిపుణులు తరచి చూసిన ఈ నాలుగూ మీ డాబాకూ వర్తిస్తాయి. మీ అంకెను పదిమందితో పంచుకునేటప్పుడు "డాబా మీద, పిట్టగోడ పక్కన, సాధారణ షీల్డు" అని ఒక్క ముక్క చేర్చండి. దానితో మీ డేటా విలువ పెరుగుతుందే గానీ తగ్గదు.

రాసుకునే పద్ధతి గురించి రెండు మాటలు. స్టేషన్ చుట్టూ నాలుగు దిక్కులా ఫొటోలు తీసి తేదీ వేసి దాచండి. షీల్డు మార్చినా, చెట్టు కొట్టేసినా, పక్కన మేడ లేచినా, బ్యాటరీ మార్చినా ఆ తేదీ రాయండి. అసలు రీడింగులను ఎప్పుడూ దిద్దొద్దు, దిద్దుబాటు వేరే గడిలో ఉండాలి. చేత్తో రీసెట్ చేసే థర్మామీటర్ వాడేవాళ్లు సాయంత్రం పూట రీసెట్ చేయకండి. ఐదింటికి ఇంకా 41 ఉన్నప్పుడు రీసెట్ చేస్తే, మర్నాడు వాన పడి 34కి తగ్గినా పరికరంలో గరిష్ఠం 41 అనే ఉంటుంది. ఒకే ఎండ రోజు రెండుసార్లు లెక్కకొస్తుంది. స్టేషన్ చోటు మార్చాల్సి వస్తే పాత చోట ఇంకో సెన్సార్ ఉంచి, కనీసం కొన్ని వారాలు రెండు చోట్లా కొలవండి. లేదంటే ఎండలు ముదిరాయా, చోటు మారిందా అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు. షీల్డు ప్లేట్లు దుమ్ము పట్టినా, పసుపెక్కినా ఎండను ఎక్కువ తాగుతాయి. ఎండలు మొదలయ్యే ముందు ఒకసారి సబ్బు నీళ్లతో కడగండి, కందిరీగల గూళ్లు, సాలెగూళ్లు తీసేయండి. వాన పడ్డ వెంటనే తడిసిన షీల్డు కాసేపు తక్కువ చూపిస్తుంది, అది చూసి కంగారుపడకండి.

ఇలా జాగ్రత్తగా నడిచే వేల స్టేషన్లు కలిస్తే ఏమవుతుందో నార్వే చూపించింది. అక్కడి వాతావరణ సంస్థ 2018 నుంచి ఇళ్లలోని నెటాట్మో అనే కంపెనీ స్టేషన్ల ఉష్ణోగ్రతలను తన రోజువారీ అంచనాలు సరిదిద్దడానికి వాడుతోంది. ఒక్కో స్టేషన్‌ను దాని చుట్టుపక్కల స్టేషన్లతో పోల్చి, పొసగనివాటిని కంప్యూటరే పక్కన పెట్టేస్తుంది. ఎండ తగిలే చోట పెట్టినవి ఆ జల్లెడలోనే ఆగిపోతాయి. బ్రిటన్ వాతావరణ శాఖ కూడా ఔత్సాహికుల రీడింగులు తీసుకోవడానికి 2011లోనే ఒక వేదిక తెరిచింది. ఒక అధికారిక కేంద్రానికీ ఇంకోదానికీ మధ్య ఎన్నో కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో సముద్రపు గాలి ఏ వేళకు ఏ వీధి దాకా వచ్చింది, చెరువు పక్కన ఎంత చల్లబడింది, చెట్లు లేని కాలనీ రాత్రి ఎంతసేపు కాగుతూ ఉంది అన్నవి చెప్పగలిగేది ఇళ్లలోని స్టేషన్లే.

ఊరి మాట ఎలా ఉన్నా, మీ ఇంట్లోనూ దీని అవసరం ఉంది. పై అంతస్తులో పెద్దవాళ్లు పడుకుంటారని రాశారు కదా. ఆ గదిలో ఇంకో చిన్న సెన్సార్ పెట్టండి. చాలా స్టేషన్లకు అదనపు సెన్సార్ కలుపుకునే వీలుంటుంది. లోపలి గీత, బయటి గీత ఒకే గ్రాఫ్‌లో చూడండి. బయట వేడి లోపలి కంటే తగ్గిన క్షణం నుంచి కిటికీలు తెరవాలి, పొద్దున మళ్లీ బయటి వేడి లోపలిని దాటకముందే మూసి తెరలు వేయాలి. కప్పు పగలు తాగిన వేడి గదిలోకి దిగడానికి గంటల సమయం పడుతుంది కాబట్టి పై గది చాలాసార్లు సాయంత్రం ఏడు తర్వాతే గరిష్ఠానికి చేరుతుంది. బయట చల్లబడింది కదా అని మనం నిశ్చింతగా ఉండే వేళ అది. గది అర్ధరాత్రి దాకా 34, 35 దగ్గరే ఉంటోందని గ్రాఫ్ చెప్తే, వాళ్లను ఆ కొన్ని వారాలైనా కింది అంతస్తుకు మార్చండి.

ముందుగా ఈ వారం చేయాల్సింది: పిట్టగోడ నుంచి తీసి, డాబా మధ్యలో పైపు మీదికి మార్చండి. కుదిరితే పాత చోట ఒక చౌక సెన్సార్ ఉంచండి, తేడా ఎంతో మీకే తెలుస్తుంది. ఆఫ్‌సెట్ ఏదైనా పెట్టి ఉంటే సున్నా చేయండి. ఆ తర్వాత ఒక నిర్మలమైన రోజు, ఒక మబ్బు రోజు గ్రాఫులు ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, గాలి వేగం మూడూ కనిపించేలా ఇక్కడ పెట్టండి, నాలుగు దిక్కుల ఫొటోలు కూడా. ఇంటి గుర్తులు, చిరునామా కనిపించకుండా చూసుకోండి. గ్రాఫులు వచ్చాక షీల్డు మార్చాలా, ఫ్యాన్ పెట్టాలా అన్నది మాట్లాడుకుందాం.